కారు స్టీరియో కొంటున్నారా? ముందు మైకు సంగతి అడగండి

మా అమ్మ చిత్తూరులో, నేను తిరుపతిలో. ఉద్యోగం పని మీద వారానికి నాలుగు రోజులు ఈ రెండూళ్ల మధ్య కారులో తిరుగుతుంటాను. పోనూ రానూ దాదాపు 140 కిలోమీటర్లు. పాత సెట్టు పీకేసి కొత్తది బిగించిన రోజు చంద్రగిరి దాటాక అమ్మకు ఫోన్ చేశాను. 9 అంగుళాల తెర, పెట్టె మీద బంగారు రంగులో ‘బ్లూటూత్ 5.0’ అన్న ముద్ర. నేను మురిసిపోతుంటే అమ్మ అన్న మొదటి మాట: “యాడుండావు నాయనా, బాయిలో నుంచి మాట్లాడినట్టుండాది.”

ఆర్నెల్లపాటు అదే మాట విన్నాను. పాటలకేమో ఏ లోటూ లేదు, అన్నమయ్య కీర్తన పెడితే కారంతా నిండిపోయేది. నా గొంతే అవతలికి సరిగా చేరేది కాదు. ఆ తర్వాత ఇంకో రెండు సెట్లు మార్చాను. మా వీధిలో ఎవరు కారు కొన్నా స్టీరియో గురించి నన్నే అడుగుతారు కాబట్టి, చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను.

పెట్టె మీది అంకెకు అంత విలువ లేదు

అంగట్లో మొదట వినిపించేది బ్లూటూత్ వెర్షన్ నంబరు. 4.2 పాతది, 5.0 కొత్తది, 5.3 ఇంకా కొత్తది, రేటు కూడా ఆ వరసలోనే. 2016లో 5.0 వచ్చినప్పుడు ఘనంగా చెప్పిన రెట్టింపు వేగం, నాలుగింతల దూరం అనేవి ఆ ప్రమాణంలోని తక్కువ కరెంటు వాడే విభాగానికి చెందినవి. వాచీలు, సెన్సార్ల లాంటి వాటికి అవి పనికొస్తాయి. మన సెట్లలో పాటలు, కాల్స్ ఇంకా ఎక్కువగా పాత క్లాసిక్ దారిలోనే పోతాయి. పైగా ఫోను సెట్టుకు మూడడుగుల దూరంలో ఉంటుంది, దూరం నాలుగింతలైతే మనకేంటి? 4.2 ఉన్న మంచి కంపెనీ సెట్టు, 5.0 ఉన్న నాసిరకం సెట్టు పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను.

తర్వాత కోడెక్. ఫోను పాటను కుదించి గాలిలో పంపే పద్ధతి అది. ఎస్‌బీసీ అన్ని సెట్లలోనూ తప్పనిసరిగా ఉంటుంది, దాని మామూలు గరిష్ఠం సెకనుకు 328 కిలోబిట్లు. ఐఫోన్‌కు ఏఏసీ నప్పుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆప్ట్‌ఎక్స్, సోనీ తయారుచేసిన ఎల్‌డీఏసీ కూడా వస్తాయి. ఎల్‌డీఏసీ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పోతుంది. ఒక మెలిక ఉంది: అటు ఫోన్లో, ఇటు సెట్టులో రెండింటిలోనూ ఆ కోడెక్ ఉండాలి, లేకపోతే రెండింటిలోనూ ఉన్న వేరే కోడెక్‌కు, చాలాసార్లు ఎస్‌బీసీకే దిగుతుంది. ఐఫోన్‌లో ఆప్ట్‌ఎక్స్ గానీ ఎల్‌డీఏసీ గానీ లేవు. కాబట్టి ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డీఏసీ కోసం ఎక్కువ పెట్టడం దండగ. ఆండ్రాయిడ్ వాళ్లకు కూడా కారు కంపెనీ ఇచ్చిన పాత స్పీకర్లతో, 80 కిలోమీటర్ల వేగంలో, టైర్ల మోత మధ్య తేడా పట్టుకోవడం కష్టం. స్పీకర్లు, ఆంప్లిఫయర్ కూడా మారుస్తుంటే అప్పుడు ఆలోచించండి.

అసలు చూడాల్సినవి

నా లెక్కలో అన్నిటికన్నా ముందు మైకు. చవక సెట్లలో మైకు ముఖం మీదే ఉంటుంది, సూది బెజ్జమంత రంధ్రం, పక్కన ‘మైక్’ అని చిన్న అక్షరాలు. అదెక్కడుంది? డ్యాష్‌బోర్డు మధ్యలో, కింద, ఏసీ గాలి కొట్టే చోట. మన నోరు దానికి రెండడుగులు పైన, పక్కగా. మాట కంటే ఏసీ హోరు ముందు వినబడుతుంది దానికి. విడి మైకు ఇచ్చే సెట్టులో పొడవాటి వైరు, చివర వేలిగోరంత మైకు, ఒక క్లిప్పు ఉంటాయి. దాన్ని మన నోటి దగ్గరికి తెచ్చుకోవచ్చు.

మైకు తర్వాత, ఆ శబ్దాన్ని సెట్టు ఏం చేస్తుందన్నది. పాత పద్ధతి కాల్స్ సెకనుకు 8 వేల నమూనాలతో (అంటే గొంతును అన్నిసార్లు కొలిచి) నడుస్తాయి, ‘స’కూ ‘ఫ’కూ తేడా తెలియనంత మందంగా. బ్లూటూత్‌లో కాల్స్ నడిపే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి 2011లో వచ్చిన 1.6 ప్రమాణంలో అది 16 వేలకు పెరిగింది. వివరాల పట్టికలో ‘వైడ్ బ్యాండ్ స్పీచ్’ అనో ‘హెచ్‌డీ వాయిస్’ అనో కనిపిస్తే ఇదే. అది కనబడితే ఎగిరి గంతెయ్యొచ్చు. 5.3 కన్నా నాకు అదే ముఖ్యం.

రెండోది ఫోన్‌బుక్. మన ఫోన్లలో పేర్లు సగం తెలుగులో, సగం ఇంగ్లిషులో ఉంటాయి. అమ్మ, చిన్నాయన, పాలాయన, గ్యాస్ సిలిండర్. తెలుగు అక్షరాలు లేని సెట్టులో ఇవన్నీ చిన్న చిన్న డబ్బాలుగా కనిపిస్తాయి. ఒక సెట్టులో నాకు వరసగా నాలుగు డబ్బాల పేరొకటి కనబడేది, అది చిన్నాయనో పాలాయనో కాల్ ఎత్తాకే తెలిసేది. ఈ సంగతి ఏ పెట్టె మీదా ఉండదు, మీ ఫోన్ కలిపి చూడాల్సిందే.

మూడోది, ఒకేసారి రెండు ఫోన్లు కలిపి పెట్టుకునే వీలు. నాలుగోది, తాళం తిప్పాక ఎన్ని సెకన్లలో తనంతట తాను కలుస్తుందన్నది. 5 సెకన్లు అయితే బాగు, 30 అయితే అప్పటికి మీరు వీధి మలుపు దాటి ఉంటారు, ఆ మధ్యలో వచ్చిన కాల్ ఫోన్లోనే మోగుతుంది. చేత్తో పట్టుకుని మాట్లాడితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద అది ప్రమాదకర డ్రైవింగ్, మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా. జైలు కూడా పడొచ్చు.

మ్యాప్ గొంతు సంగతి కూడా ఒకటుంది. కొన్ని సెట్లు పాట లేనప్పుడు నిద్రలోకి జారుకుంటాయి. మ్యాప్ మాట మొదలెట్టాక కళ్ళు తెరుస్తాయి, ఈలోగా మొదటి పదం ఎగిరిపోతుంది. “...మీటర్లలో ఎడమకు తిరగండి” అంటే ఎన్ని మీటర్లో మనం ఊహించుకోవాలి. గూగుల్ మ్యాప్స్ సెట్టింగుల్లో గొంతును బ్లూటూత్ ద్వారా వినిపించే మీట ఒకటుంది, దాన్ని ఆపేస్తే మాట ఫోన్ స్పీకర్‌లోనే వస్తుంది. సెట్టు మార్చేముందు ఇది చేసి చూడండి.

పాత సెట్టు తీయకుండానే

సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అందరికీ తెలిసిందే. ఫోన్ దానికి కలుస్తుంది, అది ఖాళీగా ఉన్న ఒక ఎఫ్ఎం పౌనఃపున్యం మీద పాట పంపుతుంది, పాత రేడియో దాన్ని పట్టుకుంటుంది. తిరుపతిలో ఖాళీగా దొరికిన నంబరు మీద హాయిగా వింటూ పుత్తూరు దాటి చెన్నై వైపు పోయేకొద్దీ అక్కడి స్టేషన్ ఏదో వచ్చి మీద పడుతుంది, అరవ పాటా మన పాటా కలిసి వినబడతాయి. మైకు ఆ గుచ్చిన డబ్బాలోనే, గేరు పక్కన. కాల్స్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అద్దె కారుకో, ఏడాదిలో అమ్మేసే కారుకో సరే.

పాత సెట్టుకు ఆక్స్ రంధ్రం (హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది గుచ్చేది) ఉంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ దీనికన్నా నయం. పాట శుభ్రంగా వస్తుంది. దాన్ని కారు ఛార్జర్‌కే గుచ్చి నడిపితే ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కూత వినబడొచ్చు. అది గ్రౌండ్ లూప్ వల్ల, అంటే సెట్టూ ఛార్జరూ వేర్వేరు దారుల్లో ఒకే గ్రౌండ్‌కు కలవడం వల్ల వచ్చేది. మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న ముక్క పెడితే చాలావరకు పోతుంది.

తెర లేని సింగిల్ డిన్ సెట్టు

సింగిల్ డిన్ అన్నది సెట్టు ముఖం కొలత: 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పాత ఆల్టోలో, బొలెరోలో కనిపించే సన్నటి సెట్టు ఇదే. జనం దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ నా ఓటు చాలామందికి దీనికే. పేరున్న కంపెనీల సెట్లలో చాలావాటికి విడి మైకు వస్తుంది, కొన్నిట్లో రెండు ఫోన్లు కలుస్తాయి, తాళం తిప్పిన కొద్ది సెకన్లలో పాట మొదలవుతుంది. గుండ్రటి నాబ్ ఉంటుంది, చూడకుండా తిప్పొచ్చు. లోపం ఒకటే, ఒక్క వరస అక్షరాల తెర. తెలుగు పేర్లు అందులో రావడం అరుదు. ముఖ్యమైన పదిమంది పేర్లను ఇంగ్లిషులో ‘అమ్మ 1’, ‘మండి’ అని మార్చి పెట్టుకుంటే గొడవ వదులుతుంది.

జూన్‌లో తోతాపురి మామిడి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు గంటల తరబడి వరసలో ఉండే పికప్ డ్రైవర్లకు ఇంతకు మించి అక్కర్లేదు. దుమ్ముకీ ఎండకీ తట్టుకుంటుంది. లారీకైతే 24 వోల్టుల సెట్టేనా అని అడిగి కొనండి, కారు సెట్టు 12 వోల్టులది.

చవక ఆండ్రాయిడ్ సెట్టు

అమ్మ బావి మాట అన్నది దీని గురించే. పెద్ద తెర, యూట్యూబ్, రివర్స్ కెమెరా, అన్నీ కలిపి బేరం ఆడితే ఆశ్చర్యపోయే ధర. తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, ఇది దీని గొప్ప. తెర, ర్యాము, స్టోరేజీ మీద పెట్టిన శ్రద్ధ బ్లూటూత్ ముక్క మీద పెట్టరు. కాల్స్‌కు వేరే చిన్న మాడ్యూల్ ఉంటుంది, దాన్నుంచి ఒక ఫోనే కలుస్తుంది, పాట కూడా చాలాసార్లు ఎస్‌బీసీతోనే. మైకు ముఖం మీదే. తాళం తిప్పాక ఆండ్రాయిడ్ లేవడానికి అరనిమిషం. వెంటనే లేవాలని నిద్ర మోడ్‌లో పెడితే, నాలుగు రోజులు కారు తీయనప్పుడు బ్యాటరీ దిగుతుంది.

అందరూ పారేయాలని నేననను. వీటిలో చాలావాటి వెనక విడి మైకు గుచ్చే సాకెట్ ఉంటుంది, అంగడాయన దాని గురించి చెప్పడు. నేను ఆర్నెల్ల తర్వాత మూడొందలు పెట్టి ఒక మైకు గుచ్చించాను, సగం రోగం అక్కడే కుదిరింది. మిగతా సగం కుదరలేదు.

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న కంపెనీ టచ్ సెట్టు

ఫోన్లోని మ్యాపు, పాటలు, కాల్స్‌ను సెట్టు తెర మీదకు తెచ్చే ఏర్పాట్లు ఇవి, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్‌కు కార్‌ప్లే. ఇక్కడ బ్లూటూత్ పాత్రే మారిపోతుంది. వైర్‌లెస్ పద్ధతిలో బ్లూటూత్ తలుపు తట్టి పరిచయం చేస్తుంది, ఆ తర్వాత బరువంతా వైఫై మోస్తుంది. పాట వైఫై మీద వస్తుంది కాబట్టి కోడెక్ గొడవ చాలావరకు ఉండదు. తెర మీద కనిపించేది ఫోన్ గీసే బొమ్మ కాబట్టి తెలుగు పేర్లు ఫోన్లో ఎలా ఉంటే అలాగే వస్తాయి. వైరుతో కలిపే సెట్టైతే ధర తగ్గుతుంది, ఫోను ఛార్జ్ కూడా అవుతుంది. మే నెల తిరుపతి ఎండలో వైర్‌లెస్‌గా రెండు గంటలు మ్యాపూ పాటలూ నడిపితే ఫోను పెనంలా కాలుతుంది, ఛార్జ్ కూడా చకచకా దిగుతుంది. నేను ఇప్పుడు వాడేది వైరుదే. సోనీ, పయనీర్, కెన్‌వుడ్ లాంటి కంపెనీల్లో ఈ రకం దొరుకుతాయి. మోడల్‌ను బట్టి గుణాలు మారతాయి, పేరు చూసి కాకుండా ఆ మోడల్ వివరాల పట్టిక చూసి కొనండి.

| | కాల్ స్పష్టత | రెండు ఫోన్లు | తెలుగు పేర్లు | తాళం తిప్పాక కలవడం | ధర (ఉజ్జాయింపు) |
|---|---|---|---|---|---|
| ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ | బాగోదు | అరుదు | తెరే లేదు | త్వరగా | ₹500–1,500 |
| సింగిల్ డిన్, కంపెనీది | విడి మైకు ఉంటే బాగు | కొన్నిట్లో | అరుదు | త్వరగా | ₹3,000–8,000 |
| చవక ఆండ్రాయిడ్ | మైకు మార్చకపోతే బాగోదు | అరుదు | వస్తాయి | ఆలస్యం | ₹7,000–20,000 |
| కంపెనీ టచ్ సెట్టు | బాగు | చాలావాటిలో | ఆటో, కార్‌ప్లేలో వస్తాయి | మధ్యస్థం | ₹15,000 పైన |

ఎవరికి ఏది

మా పక్కింటి అన్న రేణిగుంట విమానాశ్రయం నుంచి, స్టేషన్ నుంచి భక్తులను కొండకు తీసుకెళ్తాడు. ఆయన దగ్గర రెండు ఫోన్లు, ఒకటి ఇంటికి, ఒకటి ట్రిప్పులకు. రెండో ఘాట్‌లో ఎక్కుతూ మలుపు మీద మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్ మీది బటన్ తప్ప చెయ్యి ఎక్కడికీ పోకూడదు. ఆయనకు నేను చెప్పింది మూడు మాటలే: రెండు ఫోన్లు కలవాలి, స్టీరింగ్ బటన్లు పనిచేయాలి, విడి మైకు ఉండాలి. వెనక కూర్చున్నవాళ్లు గోవిందా గోవిందా అంటుంటే ముందు కూర్చున్నాయన మాట అవతలికి వినబడాలి కదా. ఆయన సింగిల్ డిన్ తీసుకున్నాడు, తెర మీద ఆశ వదులుకుని.

రోజూ దూరం పోయే ఉద్యోగస్తులకు వైరుతో ఆండ్రాయిడ్ ఆటో ఉన్న సెట్టు మంచిది. పిల్లలు, పెద్దవాళ్లతో సెలవులకు తిరిగే కుటుంబానికి పెద్ద తెర మోజుంటే ఆండ్రాయిడ్ సెట్టే తీసుకోండి, విడి మైకు మాత్రం మొదటి రోజే పెట్టించండి. పాట కోసమే ప్రాణం పెట్టేవాళ్లు ముందు స్పీకర్లకు డబ్బు దాచుకుని, మిగిలినదానిలో కోడెక్ చూసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగుళూరులో జేసీ రోడ్డు రేట్లు తక్కువని పోయేవాళ్లు మన దగ్గర చాలామందే. వెయ్యి తగ్గొచ్చు. మైకు సరిగా లేదని మళ్ళీ విప్పించుకోవాలంటే మాత్రం పోయి రావడానికే అంతకంటే ఎక్కువవుతుంది. నేను ఇక్కడే బిగించుకోమంటాను.

అంగట్లో అడగాల్సింది, చేయాల్సింది

డబ్బు కట్టకముందే మీ ఫోన్ కలపండి, అంగడాయన ఫోన్ కాదు. కలిపేటప్పుడు కాంటాక్టులు, కాల్ వివరాలు ఇవ్వమంటారా అని ఫోన్ అడుగుతుంది, అక్కడ ఒప్పుకోకపోతే తర్వాత ఫోన్‌బుక్ రాలేదని సెట్టును తిట్టుకుంటారు. ఏసీ మూడో నంబరులో పెట్టి ఇంటికి కాల్ చేయండి, నా మాట ఎలా ఉందని అడగండి, మొహమాటపడి బాగుందనేవాళ్లను కాకుండా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లను ఎంచుకోండి. నాకైతే అమ్మ. పాట మధ్యలో కాల్ రప్పించి, అయ్యాక పాట మళ్ళీ తనంతట వస్తుందో లేదో చూడండి. వాట్సాప్ కాల్ ఒకటి చేయించుకోండి, సెట్టు బటన్‌తో దాన్ని ఎత్తడం అన్నిట్లో కుదరదు.

మైకు బిగించే దగ్గర నిలబడండి. మొన్న మా తమ్ముడి కారుకు పెట్టేటప్పుడు అంగట్లో పనిచేసే కుర్రాడు డ్యాష్‌బోర్డు మీద, ఏసీ వెంటు నోటి దగ్గరే క్లిప్పు అతికించబోయాడు. “అన్నా, యాడ పెట్టినా పలుకుతాది” అన్నాడు. నేను అక్కడి నుంచి తీయించి స్టీరింగ్ కాలమ్ మీద, మీటర్లకు అడ్డం రాకుండా పెట్టించాను. కాల్ చేసి చూస్తే అవతలున్న మా మరదలు మీరు పక్కనే ఉన్నట్టుంది అనింది. అద్దం పక్క స్తంభం మీద పెట్టడం కూడా మంచి పద్ధతే. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో మాత్రం ఆ స్తంభం కవరు లోపల ఎయిర్‌బ్యాగు ఉంటుంది, వైరు దాని మీదుగా అడ్డంగా పోకూడదు. ఇది తెలిసినవాడితోనే చేయించండి.

వైర్లు కోసి టేపు చుట్టడం వద్దనండి. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) దొరుకుతుంది, దాన్ని తగిలిస్తే పాత సెట్టు మళ్ళీ పెట్టాలన్నా ఇబ్బంది ఉండదు.

పాత సెట్టు అమ్మేముందు దానిలోని పెయిరింగ్ జాబితా (ఇదివరకు కలిపిన ఫోన్ల పట్టీ) తుడిచేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. నా ఆండ్రాయిడ్ సెట్టు ఇచ్చేసేటప్పుడు నాకా ధ్యాసే లేదు. కొన్నాయన రెండు రోజులకు ఫోన్ చేశాడు: “అన్నా, తెర మీద అమ్మ అని ఉంటే నా అమ్మే అనుకుని నొక్కినా. ఎవరో పెద్దామె ఎత్తి, యాడుండావు నాయనా, ఇంకా ఆ బాయిలోనే ఉండావా అనింది.”